గల్లీ మొత్తం ఓట్లు జాబితాలోంచి పోతే నేరుగా హైకోర్టుకు పోవచ్చా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. నారాయణపేట వైపు ఒక చిన్న పట్టణం. వాళ్ల గల్లీలో ముప్పై పైచిలుకు ముస్లిం కుటుంబాలున్నాయి. కొత్తగా వచ్చిన ముసాయిదా ఓటరు జాబితాలో వాళ్లవి అరవై దాకా ఓట్లు కనిపించట్లేదు. బీఎల్ఓని (పోలింగ్ బూత్ స్థాయిలో ఓటరు జాబితా చూసే అధికారి) అడిగితే "షిఫ్ట్ అయినట్టు చూపిస్తోంది, నా చేతుల్లో లేదు" అన్నాడట. అమెరికాలో మైనారిటీల ఓటు హక్కు కోసం కేసులేసే లాయర్ల సంస్థలున్నాయి కదా, మనం కూడా అలా నేరుగా హైకోర్టులో రిట్ (అధికారుల తప్పు సరిదిద్దమని వేసే పిటిషన్) వేయొచ్చా అని ప్రశ్న. ఖర్చెంత అవుతుంది, "మా మతం చూసి తీసేశారు" అని రాయాలా వద్దా అని కూడా అడిగాడు.

నేను నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, పుట్టి పెరిగింది పాలమూరులో. భూమి కేసులు, భరణం కేసులు నా రోజువారీ పని. ఓటరు జాబితా పని మాత్రం ఫీజు లేకుండా చేస్తూ వస్తున్నాను, అందుకు కారణమైన తండా సంగతి కింద చెప్తాను.

సూటిగా జవాబు: రిట్ వేయొచ్చు, కానీ ఇప్పుడే కాదు. ఈ వారం చేయాల్సింది ఏమిటంటే ఆ అరవై మందీ ఎవరికి వాళ్లు విడిగా, రాతపూర్వకంగా, ఓటరు నమోదు అధికారికి (ఈఆర్ఓ అంటాం, మామూలుగా ఆర్డీఓ స్థాయి అధికారి ఉంటారు, ఎమ్మార్వో ఆయన కింద సహాయ ఈఆర్ఓ) అర్జీ పెట్టుకుని, జిరాక్స్ కాపీ మీద తారీఖుతో ఆఫీసు స్టాంపు వేయించుకోవాలి. ఆ కాగితం లేకుండా హైకోర్టుకు పోతే మొట్టమొదట వచ్చే ప్రశ్న "ఈఆర్ఓ దగ్గరికి వెళ్లారా?" అనే. వెళ్లలేదంటే ముందు అక్కడికి వెళ్లండి అని పంపించేస్తారు, ఈలోపు మీకు పదిహేను ఇరవై రోజులు పోయి ఉంటాయి. ఓటరు జాబితా విషయంలో ఆ రోజులే మనకున్న ఆస్తి.

ఎందుకిలా అంటే చట్టంలోనే మెట్లు కట్టి పెట్టారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఈఆర్ఓ ఉత్తర్వు మీద సెక్షన్ 24 కింద కలెక్టర్ దగ్గర మొదటి అప్పీలు ఉంది, దాని గడువు 15 రోజులు. కలెక్టర్ కూడా కాదంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు, దానికి 30 రోజులు. అదే చట్టంలో సెక్షన్ 30 ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టు వేలు పెట్టకూడదని చెప్తుంది, కాబట్టి ఎవరైనా వకీలు "మన మున్సిఫ్ కోర్టులో ఇంజంక్షన్ వేద్దాం" అంటే ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1960 ఓటర్ల నమోదు నిబంధనల్లో 23వ నిబంధన ప్రకారం ఈఆర్ఓ దగ్గర మీ మాట చెప్పుకునే అవకాశాన్ని మీరు వాడుకోకపోతే మీకు అప్పీలు హక్కే ఉండదు. విచారణకు పిలిస్తే "ఆ రోజు కూలి పోతుంది" అని మానేసినవాళ్లు కొందరు తర్వాత నా దగ్గరికి వచ్చారు, చేయగలిగింది చాలా తక్కువ మిగిలింది.

ముందు ఓట్లు ఏ దారిన పోయాయో తేల్చుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. జాబితా పీడీఎఫ్ తెరిచి పాత జాబితా పక్కన పెట్టి చూడండి. తొలగించిన పేర్ల దగ్గర ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. ఈ (E) అంటే చనిపోయారని, ఎస్ అంటే వేరే చోటికి మారారని, ఆర్ అంటే పేరు రెండుసార్లు ఉందని, ఎం అంటే మనిషి కనబడలేదని, క్యూ అంటే అనర్హత. ఆ తర్వాత ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం కింద ఫారం 9, 10, 11 జాబితాలు చూడండి. ఫారం 10 అంటే, ఎవరి పేర్ల మీద ఫారం 7తో (పేరు తీసేయమని పెట్టే దరఖాస్తు) అభ్యంతరాలు వచ్చాయో ఆ జాబితా. అందులో మీ గల్లీ పేర్లుంటే బయటివాళ్లెవరో కదిపిన వ్యవహారం. లేకపోతే బీఎల్ఓ ఇంటింటి సర్వేలో రాసిందో, సాఫ్ట్‌వేర్ ఒకేలాంటి పేర్లు పట్టుకుందో అయి ఉంటుంది. మూడింటికీ మందు వేరు.

ఇక తండా సంగతి. దేవరకొండ వైపు ఒక లంబాడా తండా, 2014 ఎన్నికల ముందు. సగం తండా పుణెలో బిల్డింగు పనుల్లో ఉంది, హోలీకి ఇళ్లకొచ్చారు. వచ్చాక తెలిసింది డెబ్బైకి పైగా పేర్లు లేవని. సర్వేకి వచ్చినప్పుడు ఇళ్లకు తాళాలున్నాయి, అన్నిటి ఎదురుగా "షిఫ్టెడ్" అని రాసేశారు. ఒక ముసలాయన నన్ను తన ఇంటికి తీసుకెళ్లి తాళం చూపించాడు, తుప్పు పట్టిన పాత తాళం. తలుపు పక్కన గోడకు ఉపాధి హామీ జాబ్ కార్డు, మనవడి అంగన్‌వాడీ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేకుకు తగిలించి ఉన్నాయి. "తాళం ఏసి పోయిన సార్, ఇల్లు ఇడిసి పోలే" అన్నాడు. 1950 చట్టం సెక్షన్ 20 చెప్పేది కూడా సరిగ్గా ఇదే. మనిషి తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన అక్కడి నివాసి కాకుండా పోడు. మేము చేసిందల్లా ప్రతి ఒక్కరి పేరున ఒక అర్జీ, దానికి జాబ్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల బడి బోనఫైడ్ జిరాక్స్‌లు, మేస్త్రీ చేత "పని సీజను అయిపోగానే తిరిగి వస్తారు" అని ఒక లెటరు. నామినేషన్ల గడువుకు నాలుగు రోజుల ముందు అనుబంధ జాబితాలో చాలా పేర్లు పడ్డాయి. కోర్టు గడప తొక్కలేదు. అప్పటి నుంచి ఈ పని వదల్లేదు నేను.

పాలమూరు, దేవరకొండ, మునుగోడు వైపు వలస ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ గల్లీ వాళ్లు కూడా బెంగళూరులోనో ముంబైలోనో పనులకు పోయొస్తుంటే మీ కేసు ఇదే దారిలో ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, పోయిన చోట కూడా ఎవరైనా ఓటు రాయించుకున్నారా అని ముందు నిజాయితీగా అడిగి తెలుసుకోండి. సెక్షన్ 17 ప్రకారం రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదు, ఫారంలో అబద్ధం రాస్తే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు ఉంది. అరవైలో రెండు అలాంటివి ఉన్నా మిగతా యాభై ఎనిమిది మందినీ అదే కళ్లతో చూస్తారు.

నోటీసు మీ బలమైన ఆయుధం. అమెరికా సంగతి ఎత్తారు కాబట్టి ఇక్కడే చెప్తాను. అక్కడ 1965 ఓటింగ్ హక్కుల చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. నల్లజాతి వాళ్ల ఓటును అడ్డుకున్న చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా కేంద్ర ప్రభుత్వం దగ్గరో వాషింగ్టన్ కోర్టులోనో ముందే అనుమతి తెచ్చుకోవాలి. 2013లో షెల్బీ కౌంటీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఏయే ప్రాంతాలకు ఇది వర్తిస్తుందో చెప్పే సెక్షన్‌ను కొట్టేసింది, దాంతో ఆ ముందస్తు తనిఖీ ఆగిపోయింది. ఇప్పుడు అక్కడి సంస్థలు ఎక్కువగా జరిగాక కొట్లాడాల్సి వస్తోంది, అది ఖర్చుతో, ఏళ్లతో కూడిన పని. మనకు అలాంటి ముందస్తు అనుమతి లేదు కానీ ముందస్తు నోటీసు ఉంది. మన 1950 చట్టం సెక్షన్ 22 ప్రకారం "ఇతను ఇక్కడ ఉండట్లేదు" అని పేరు తీసేముందు ఈఆర్ఓ ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇవ్వకుండా తీసేస్తే ఆ తొలగింపు నిలవదు. అందుకే మీ అర్జీలో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "నా పేరు తొలగించే ముందు నాకు ఎలాంటి నోటీసూ అందలేదు. నోటీసు పంపినట్టు రుజువు ఉంటే దాని నకలు ఇప్పించగలరు."

ఇందులో ఒక కంత ఉంది, తెలుసుకోండి. చనిపోయారు అనే కారణంతో తీసేస్తే ఈ నోటీసు నియమం వర్తించదు. చనిపోయిన మనిషికి నోటీసు ఇవ్వలేరు కాబట్టి చట్టం అలా రాశారు, కానీ బతికున్నవాళ్ల ఎదురుగా ఈ అక్షరం పడితే వాళ్లకు చివరిదాకా తెలియదు. వితంతు మహిళల విషయంలో నేను ఇది ఎక్కువగా చూశాను, భర్త పేరు తీయబోయి ఆమె పేరు తీసేస్తారు. మీ అరవైలో అలాంటివి ఉంటే వాటిని వేరే కట్టగా పెట్టి, ఆ మనుషుల్ని నేరుగా ఆఫీసుకు తీసుకెళ్లి అధికారి ముందు నిలబెట్టండి. ఏ కాగితమూ అంతకంటే బలమైన సాక్ష్యం కాదు.

సుప్రీంకోర్టు తీర్పుల్లో మీకు పనికొచ్చేది ప్రధానంగా ఒకటే, లాల్ బాబు హుస్సేన్ కేసు, 1995. ఢిల్లీ, ముంబైలలో బస్తీల్లో ఉండే పేదవాళ్లను, జాబితాలో ముందే పేర్లున్నవాళ్లను, మీరు ఈ దేశ పౌరులే అని రుజువు చేసుకోండి అని నోటీసులిచ్చారు. కోర్టు ఏమందంటే, పాత జాబితాలో పేరుందంటే అప్పుడే పరిశీలించి చేర్చారని అనుకోవాలి, తీసేయాలంటే ఏ ఆధారంతో తీస్తున్నారో ఆ మనిషికి చెప్పాలి, అతను ఇచ్చే కాగితాలన్నీ చూడాలి, ఈఆర్ఓ తన బుర్రతో తాను నిర్ణయించాలి. అర్జీలో ఈ కేసు పేరు ఒక్క లైనులో రాయండి చాలు, పేజీలు పేజీలు తీర్పులు జతచేస్తే ఎవరూ చదవరు. కారణం చెప్పాల్సిందే అనడానికి ఇంకా తాజా ఉదాహరణ బీహార్. అక్కడ 2025లో ప్రత్యేక సవరణ తర్వాత ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోతే, ఆ పేర్లు, ఒక్కొక్కటి ఎందుకు లేదో కారణంతో సహా బయటపెట్టండి అని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. మీరడిగేది కూడా అంతే, అరవై పేర్లకు అరవై కారణాలు.

ఫారం 7 వ్యవహారం అయితే పని కొంచెం వేరుగా ఉంటుంది. ఎవరైనా మీ పేరు మీద అభ్యంతరం పెట్టాలంటే ఆ మనిషి అదే నియోజకవర్గం ఓటరు అయి ఉండాలి, తన పేరు, ఓటరు కార్డు నంబరు ఇవ్వాలి, రుజువు చేసే భారం అతనిదే. 2023 ఎన్నికల ముందు మా జిల్లాలో ఒక పట్టణంలో నలభై ఫారం 7లు ఒకే చేతిరాతతో వచ్చాయి, అన్నీ ఒక మసీదు చుట్టుపక్కల ఇళ్లవే. మేము అడిగింది ఒక్కటే, ఆ అభ్యంతరం పెట్టినాయన్ని విచారణకు పిలవండి అని. పిలిచారు. ఆయన హమాలీ, లుంగీ మీద వచ్చాడు, కాగితాల మీద సంతకం చూపిస్తే "ఇది నాది కాదు సార్, నేను వేలిముద్ర ఏస్తా" అన్నాడు. నలభైకి నలభై కొట్టేశారు. ఆయన కార్డు నంబరు ఎవరు వాడారో నాకు తేలలేదు, దాని మీద ఫిర్యాదు ఇచ్చాం కానీ ముందుకు కదల్లేదు. మీకు దగ్గర్లోనే కలబురగి జిల్లా ఆళందలో కూడా ఇలాంటిదే జరిగింది. 2023 కర్ణాటక ఎన్నికల ముందు తొలగింపు కోసం వచ్చిన 6,018 దరఖాస్తులను తనిఖీ చేస్తే 24 మాత్రమే సరైనవని తేలింది. అక్కడ అధికారులు తనిఖీ చేశారు కాబట్టి మిగతా ఓట్లు నిలబడ్డాయి. కాబట్టి అభ్యంతరం పెట్టినవాళ్లను పిలిపించమని రాతపూర్వకంగా అడగడం మరవకండి.

ఇక పేర్ల గొడవ. మన దగ్గర ముస్లింలవి, లంబాడాలవి ఓట్లు పోవడంలో కుట్ర కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. ఒక గల్లీలో ముగ్గురు షేక్ మహబూబ్‌లుంటారు, ఇద్దరి తండ్రి పేరు కూడా షేక్ ఇమామే అవుతుంది. తండాలో కేతావత్ లక్ష్మి అని పిలిస్తే నలుగురు పలుకుతారు. సాఫ్ట్‌వేర్ వీళ్లను ఒకే మనిషి అనుకుంటుంది, కింద చూసేవాళ్లు ఫోటో పోల్చకుండా ఒకటి ఉంచి ఒకటి తీసేస్తారు. దీనికి తోడు స్పెల్లింగులు. ఉర్దూ పేరు తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి పోయేసరికి షేక్ ఒకచోట ఎస్.కె. అవుతుంది, "బీ" అన్నది "బేగం" అవుతుంది, ఖాజా కాజ అవుతుంది. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. మీ నారాయణపేటలో కన్నడం, మరాఠీ కూడా కలుస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువ. వీటికి వాదన అక్కర్లేదు, ఇద్దరు మహబూబ్‌లనూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి, ఇద్దరి ఆధార్ కాపీలు జతచేసి ఇవ్వండి. పేరు తప్పులుంటే ఫారం 8 ఇప్పుడే పెట్టండి, వచ్చే సవరణలో అదే తప్పు మళ్లీ పేరు తీయడానికి సాకు అవుతుంది.

అర్జీ ఎలా రాయాలంటే, పేరు ఇప్పటికే పోయింది కాబట్టి ఫారం 6 (పేరు కొత్తగా చేర్చమనే దరఖాస్తు) పెట్టమనే చెప్తారు. పెట్టండి, ఓటు తొందరగా రావాలంటే అదే దారి. కానీ దానితోపాటు విడిగా ఒక లెటరు ఇవ్వండి: "ఈ ఫారం ఇచ్చినంత మాత్రాన నా పాత ఓటు తొలగింపును నేను ఒప్పుకున్నట్టు కాదు" అని. ఉత్తర్వు మీదున్న తేదీ నుంచే 15 రోజుల లెక్క వేసుకుని అప్పీలు కూడా వేసేయండి. ఫారం 6 ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఓటు వస్తుందేమో కానీ తీసినవాళ్లను ఎవరూ ఏమీ అడగరు, వచ్చే ఏడాది మళ్లీ ఇదే. అరవై మందికీ కలిపి ఒకే మహజరు రాసి కింద సంతకాలు పెట్టిస్తే ప్రయోజనం ఉండదు, చట్టం దృష్టిలో అది అర్జీ కాదు. ఒక్కొక్కరిది విడి కాగితం ఉండాలి.

ఖర్చు అడిగారు. ఈ దశలో జిరాక్స్‌ల ఖర్చే. అప్పీలుకు వకీలు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు ఇస్తారు. ముస్లిం అయినంత మాత్రాన రాదు, మగవాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. అందుకని నేను ఇలాంటి కట్టల్లో ముందు వరసలో ఎప్పుడూ మహిళల అప్పీళ్లు పెడతాను. మీ గల్లీలో గట్టిగా మాట్లాడే అక్క ఒకరు తప్పకుండా ఉంటారు, ఆమె పేరుతో మొదలుపెట్టండి.

"మా మతం చూసి తీసేశారు" అని రాయాలా వద్దా అని మీ ప్రశ్నలో ఉంది. రాజ్యాంగం 325వ అధికరణం మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ జాబితాకు దూరం పెట్టకూడదంటుంది, 326 వయోజనులందరికీ ఓటు ఇస్తుంది. కానీ ఆరోపణ ఒక్కటే రాస్తే అది గాలిలో పోతుంది. నేను చేసేది ఒక లెక్క. అదే పోలింగ్ బూత్ పరిధిలో ఉన్న మిగతా గల్లీలు తీసుకుని, ఇంటి నంబర్ల వారీగా ఎక్కడ ఎన్ని పేర్లు పోయాయో ఒక తెల్లకాగితం మీద గీసి చూపిస్తాను. పక్క గల్లీలో వందకు రెండు పోయి మీ గల్లీలో వందకు నలభై పోతే ఆ కాగితమే మాట్లాడుతుంది, ఎవరినీ తిట్టాల్సిన పనిలేదు. ఒకవేళ అన్ని గల్లీల్లో ఒకేలా పోతే అది నిర్లక్ష్యం, అప్పుడు పక్క గల్లీ హిందువుల్ని, క్రైస్తవుల్ని కూడా కలుపుకుని వెళ్లండి, అధికారి మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. రెండింట్లో ఏదన్నది లెక్క వేయకుండా ముందే తీర్మానించకండి.

గడువు సంగతి గట్టిగా చెప్తాను. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో ఒక్క పేరు చేర్చడానికి లేదు, తీయడానికి లేదు, సెక్షన్ 23(3). ఈఆర్ఓ దరఖాస్తు మీద అభ్యంతరాలకు ఏడు రోజులు నోటీసు పెట్టాలి కాబట్టి ఆఖరి రోజు ఇస్తే పని కాదు, కనీసం పది పన్నెండు రోజుల ముందు చేరాలి. 2018 డిసెంబరు 7 పోలింగుకు నామినేషన్ల గడువు నవంబరు 19తో అయిపోయింది. ఒక ముస్లిం వాడ పెద్దలు నా దగ్గరికి వచ్చింది డిసెంబరు మొదటి వారంలో. నేను ఏమీ చేయలేకపోయాను. పోలింగు రోజు బూత్ బయట ఒక పెద్దమ్మ, డెబ్బై దాటి ఉంటాయి, పింఛను పుస్తకం మధ్యలో పెట్టుకుని ఓటరు కార్డు తెచ్చింది. కార్డు అసలుదే, జాబితాలో పేరు లేదు. పేరు లేకపోతే కార్డు ఉన్నా ఓటు లేదు. ఆమె కార్డును మళ్లీ పుస్తకంలో పెట్టుకుని, పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా వెనక్కి నడిచిపోయింది. ఆ ఎన్నికల్లో హైదరాబాదులో కూడా పెద్ద సంఖ్యలో పేర్లు గల్లంతై, అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి ప్రజలకు క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది, ఓటు రాలేదు.

రిట్ ఎప్పుడు వేయాలి అంటే మూడు సందర్భాల్లో. అర్జీలు ఇచ్చినా ఈఆర్ఓ విచారణ పెట్టకుండా, ఉత్తర్వు ఇవ్వకుండా నానబెడుతుంటే. నోటీసు లేకుండా పెద్ద సంఖ్యలో తీసేశారని మీ దగ్గర స్టాంపు పడిన కాగితాలతో రుజువుంటే. అప్పీలు వేసి దాని ఫలితం వచ్చేలోపు గడువు దాటిపోయేలా ఉంటే. అప్పుడు హైకోర్టు "ఫలానా తేదీలోపు తేల్చండి" అని ఆదేశమిస్తుంది, మనకు కావాల్సింది అదే. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మాత్రం 329వ అధికరణం అడ్డొస్తుంది, 1952లో పొన్నుస్వామి కేసు నుంచి కోర్టులు మధ్యలో చేయి పెట్టడానికి ఇష్టపడవు.

పోలింగు రోజు విషయాలు కొన్ని, ఎందుకంటే జాబితాలో పేరున్నా వెనక్కి పంపేస్తుంటారు. బూత్‌లో ఏఎస్‌డీ జాబితా అని ఒకటి ఉంటుంది, లేనివాళ్లు, మారినవాళ్లు, చనిపోయినవాళ్లు అని గుర్తుపెట్టిన పేర్లు. ఆ జాబితాలో పేరుందంటే ఓటు పోయినట్టు కాదు. గుర్తింపు కార్డు చూపించి, వేలిముద్ర వేసి ఓటు వేయొచ్చు. వలస నుంచి ఆ రోజుకే వచ్చినవాళ్లను ఎక్కువగా ఇక్కడే ఆపుతారు. మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగండి, ప్రత్యేక బ్యాలెట్ పేపరు ఇచ్చి కవర్లో పెడతారు. ఎవరైనా ఏజెంటు "ఈమె ఆమె కాదు" అంటే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం పెట్టాలి, తేల్చేది ప్రిసైడింగ్ అధికారి. బుర్ఖాలో వచ్చిన మహిళ ముఖం చూసి పోల్చుకునే పని మహిళా పోలింగ్ సిబ్బందిది, చాటుగా చూసే ఏర్పాటు అడిగే హక్కు ఉంది. ఏజెంట్లకు, అభ్యర్థులకు ఆ అధికారం లేదు. మీ బూత్‌లో అలాంటి మహిళలు ఎక్కువుంటే మహిళా సిబ్బందిని వేయమని రిటర్నింగ్ అధికారికి ముందే లెటరు ఇవ్వండి.

బెదిరింపు ఉంటే ఎస్సీ ఎస్టీలకు ప్రత్యేక రక్షణ ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎల్) కింద ఓటు వేయకుండా అడ్డుకున్నా, ఫలానావాడికే వేయమని బలవంతపెట్టినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. ముస్లింలకు ఆ చట్టం వర్తించదు, వాళ్లకు భారతీయ న్యాయ సంహిత 171, 174 సెక్షన్లు ఉన్నాయి, శిక్ష తక్కువ. అందుకని నేను ముందస్తు పని మీదే ఆధారపడతాను. ప్రతి ఎన్నికకు అధికారులు బెదిరింపులకు గురయ్యే వాడలను గుర్తించే సర్వే చేస్తారు, వల్నరబిలిటీ మ్యాపింగ్ అంటారు. మీ వాడ పేరు, బెదిరించేవాళ్ల పేర్లు ఆ జాబితాలో ఎక్కితే పోలీసులు వాళ్లను ముందే బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకుంటారు. సెక్టార్ అధికారి వచ్చినప్పుడు భయపడి "ఇక్కడ ఏం లేదు సార్" అంటే ఆ రక్షణ పోయినట్టే.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది, కాబట్టి ఇక్కడ పేరు పోతే అక్కడా పోతుంది. దానికి తోడు వార్డులుగా విడగొట్టేటప్పుడు ఒకే గల్లీ ఇళ్లను రెండు వార్డుల్లోకి పంచేయడం జరుగుతుంది. దాని మీద అభ్యంతరాలకు కొన్ని రోజులే ఇస్తారు, తర్వాత కోర్టులో అడగడానికి రాజ్యాంగంలోనే ఆంక్షలున్నాయి. వార్డుల ముసాయిదా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజే ఫోటో తీసుకోండి.

ప్రస్తుతానికి రేపు పొద్దున చేయాల్సింది ఇది. పాత జాబితా, కొత్త ముసాయిదా రెండూ ప్రింటు తీసి, పోయిన ప్రతి పేరుకూ ఒక వరస రాయండి: పాత క్రమసంఖ్య, ఇంటి నంబరు, తొలగింపు అక్షరం, మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏ కాగితాలున్నాయి. జుమ్మా నమాజు తర్వాత మసీదు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చుంటే రెండు గంటల్లో అయిపోతుంది, మహిళల వివరాలకు ఇద్దరు చదువుకున్న అమ్మాయిల్ని ఇళ్లకు పంపండి. సోమవారం అందరూ కలిసి వెళ్లి అర్జీలివ్వండి. ఇన్‌వార్డులో తీసుకోబోమని అంటే అక్కడే గొడవ పెట్టుకోకండి, అవే కాగితాలు రిజిస్టర్డ్ పోస్టులో ఈఆర్ఓకి, కలెక్టర్‌కి పంపి రసీదులు దాచుకోండి. విచారణ తేదీ రాగానే ఇక్కడ కింద రాయండి, అప్పీలు నమూనా తెలుగులో నేను రాసి పెడతాను.